మోకీ డగ్‌వే ఎక్కిన క్యాంపర్: ఆగ్నేయ యూటాలో మా బసలు

పికప్ ట్రక్కు తొట్టిలో క్యాంపర్ (పడుకుని, వండుకునే చిన్న గది లాంటి పెట్టె) ఎక్కించుకుని అమెరికాలోని యూటా రాష్ట్రపు మట్టి రోడ్లు తిరగాలనుకునేవారు ముందుగా డ్రైవరు తలుపు పక్కన అంటించిన చీటీ చదవాలి. ఆ బండి ఎంత బరువు మోయగలదో అందులో ఉంటుంది. క్యాంపర్, మనుషులు, గ్యాస్ సిలిండరు, బియ్యం, 20 గాలన్ల నీళ్ళు అన్నీ ఆ అంకెలోనే ఇమడాలి. నీళ్ళే 160 పౌండ్లు దాటుతాయి! అందుకే మేము పైకప్పు ముడుచుకునే పాత క్యాంపర్ కొని, లోపలి బరువైన అరలు పీకేసి పలుచని ప్లైవుడ్‌తో కట్టుకున్నాం.

మెక్సికన్ హ్యాట్ ఊరికి దగ్గరలోని గూస్‌నెక్స్ పార్కులో మొదటి బస. వెయ్యి అడుగుల లోతున శాన్ హువాన్ నది మెలికలు తిరుగుతుంటే చూపు తిప్పుకోలేం. అయితే లోయ అంచున గాలికి అడ్డేమీ లేదు. క్యాంపర్ గుడ్డ గోడలు రాత్రంతా కొట్టుకుంటూనే ఉన్నాయి. ఒక్క రాత్రి చాలు.

వ్యాలీ ఆఫ్ ది గాడ్స్‌కు మాత్రం ఎన్నిసార్లయినా వెళ్తాను. ఎర్రటి రాతి స్తంభాల మధ్య 17 మైళ్ళ మట్టి రోడ్డు, ఇంతకుముందు బండ్లు నిలిచిన జాగాల్లో ఉచితంగా బస. నీళ్ళు, మరుగుదొడ్డి ఉండవు. వాన పడితే వాగులు దాటడం కష్టం, ఆ రోజు వెళ్ళవద్దు. ఎండిన రోడ్డు మీదా అడ్డంగా సన్నని గట్లుంటాయి. టైర్లలో గాలి తగ్గించి నెమ్మదిగా నడిపినా ఆ అదురుకు క్యాంపర్‌ను ట్రక్కుకు పట్టి ఉంచే బిగింపులు వదులవుతాయి. సాయంత్రం చూస్తే ముందు ఎడమవైపు బిగింపు చువ్వ వదులై ఉత్త చేత్తోనే తిరుగుతోంది. క్యాంపర్ అరంగుళం పక్కకు జరిగి ట్రక్కు తొట్టి గోడకు తెల్లని గీత పెట్టింది.

మోకీ డగ్‌వే మూడు మైళ్ళ మట్టి ఘాట్. 1950లలో యురేనియం ఖనిజం మోసే లారీల కోసం కొండ అంచు చెక్కి వేశారు. 11 శాతం వాలు. 28 అడుగుల పొడవు, 10,000 పౌండ్ల బరువు దాటిన బండ్లు రావద్దని హెచ్చరిస్తారు. ఆ మలుపుల్లో వెనుక ట్రైలర్ లేనందుకు నాకెంతో నిశ్చింత. పైకి చేరాక, సహజ రాతి వంతెనలున్న నేచురల్ బ్రిడ్జెస్ జాతీయ స్మారక ప్రాంతంలోనూ అదే లాభం: ఉన్నవి 13 జాగాలే, 26 అడుగులు మించిన బండికి చోటు లేదు. నీళ్ళు సందర్శకుల కేంద్రం దగ్గర పట్టుకోవచ్చు. 2007లో ప్రపంచంలో మొట్టమొదటి అంతర్జాతీయ చీకటి ఆకాశ ఉద్యానంగా గుర్తింపు పొందింది ఇదే. పాలపుంత అంత స్పష్టంగా నేను మరెక్కడా చూడలేదు.

మోయాబ్ ఊళ్ళో ఒక చిన్న మరమ్మతు షెడ్డు మెకానిక్ మా బిగింపులన్నీ విప్పి చూశాడు. కొత్త చువ్వలు అమ్మే అవకాశమున్నా అమ్మలేదు. పాతవాటికే జారని నట్లు వేసి, క్యాంపర్ కింద మందపాటి రబ్బరు చాప పరిచాడు. ఆ తర్వాత పెట్టె జరగలేదు. అలాంటి పనివాడు దొరికితే అడిగినంత ఇవ్వవచ్చు.

చివరి బస మోయాబ్ దగ్గరి డెడ్ హార్స్ పాయింట్ పార్కు. కరెంటు ఉంది, జాగాలు చదునుగా ఉన్నాయి, కానీ నెలల ముందే బుక్ చేసుకోవాలి. పైకి నీళ్ళు లారీల్లో తెచ్చుకుంటారు కనుక ట్యాంకు మోయాబ్‌లోనే నింపుకోవాలి. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వారిని తీసుకువెళ్ళేది ఇక్కడికే. వ్యాలీలో అయితే మరుగుదొడ్డి కూడా వెంట మోసుకుపోవాలి.