ఏడీహెచ్‌డీ ఉన్న టీనేజర్లకు వీఆర్ ఆటలు: చాలాకాలం వాడి చూశాక

ఏడీహెచ్‌డీకి, అంటే ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్యకు, మందులకో, బిహేవియర్ థెరపీకో బదులుగా వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకు పెట్టుకుంటే చుట్టూ ఆటలోకమే కనిపించే పరికరం) కొనాలనుకుంటే కొనొద్దు. చదువుకు కూర్చునే ముందు ఒళ్లు కదిలించడానికైతే మాత్రం బాగా పనికొస్తుంది. చెమట పట్టేలా ఆడాక కాసేపు ఏకాగ్రత, తమాయించుకునే శక్తి కొంత మెరుగ్గా ఉంటాయి. హోంవర్క్ ఆ కాసేపట్లోనే మొదలవ్వాలి.

మొదటి ఆటగా మా ఓటు బీట్ సేబర్‌కే. పాట లయకు మీదికొచ్చే దిమ్మెల్ని చేతిలోని వెలుగు కత్తులతో కోసే ఆట ఇది. నిలబడ్డ చోటే ఆడొచ్చు కాబట్టి కళ్లు తిరగడం తక్కువ. జాయ్‌స్టిక్‌తో ముందుకు సాగే ఆటల్లో కన్ను కదిలామంటుంది, ఒళ్లు లేదంటుంది. వికారం అక్కడే మొదలవుతుంది. కొత్తలో ఆట సెట్టింగుల్లో 'నో ఫెయిల్' (తప్పులు చేసినా పాట ఆగదు), 'స్లోయర్ సాంగ్' ఆన్ చేయండి. రెండోదానితో పాట వేగం 15 శాతం తగ్గుతుంది. చెయ్యి తిరిగాక కష్టం పెంచకపోతే త్వరగానే మొహం మొత్తుతుంది.

ఒకటి గమనించాలి. మణికట్టు విదిలించి దిమ్మెలు కోసేయడం పిల్లలు ఇట్టే పట్టేస్తారు, ఇక వ్యాయామం ఉండదు. మామూలు దిమ్మెకు 115 పాయింట్లుంటే అందులో 100 కోతకు ముందూ తర్వాతా కత్తిని బారుగా ఊపినందుకే. ఆ లెక్క చెప్పండి, భుజం దానంతటదే కదులుతుంది.

అసలు చిక్కు ఆట మొదలుపెట్టడంలో, ఆపడంలో. పిల్లల్ని పిలిచేలోపే ఛార్జింగ్, అప్‌డేట్లు, ఆడే చోటుకు హెడ్‌సెట్‌లో గీసే రెండు మీటర్ల చదరం హద్దు పూర్తయిపోవాలి. హెడ్‌సెట్ పెట్టుకున్నాక అప్‌డేట్ మొదలైతే ఆ పూటకు ఆట చెడినట్టే. ఎదురుచూడటం వీళ్లకు చాలా కష్టం. ఆపించడం ఇంకా కష్టం. నిమిషాల లెక్క ఆటలో మునిగినవాళ్ల తలకెక్కదు, పాటల లెక్క ఎక్కుతుంది: ఆరు పాటలు, ఆఖరిది నెమ్మదిది. దాదాపు ఇరవై నిమిషాలు. పాట మధ్యలో హెడ్‌సెట్ లాగేస్తే గొడవే. తీశాక నీళ్లు తాగించి, ఐదు నిమిషాలు నడిపించి, అప్పుడు పుస్తకం ముందు పెట్టండి. పడుకునే ముందు మాత్రం వద్దే వద్దు.

చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్ పట్టీ మణికట్టుకు తప్పనిసరి, కోపంలో విసిరేస్తారు. హెడ్‌సెట్ అరకిలో బరువు బుగ్గల మీద పడకుండా తలపై పట్టీని సరిచేయండి. చెమటకు మసకబారిన లెన్సుల్ని పొడి మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడవాలి. హెడ్‌సెట్‌ను కిటికీ పక్కన వదిలేస్తే లెన్సుల్లోంచి పడే ఎండకు స్క్రీన్ కాలిపోతుంది.

మూర్ఛ ఉన్నా, గుండె వేగం పెంచే మిథైల్‌ఫెనిడేట్ లాంటి ఏడీహెచ్‌డీ మందులు వాడుతున్నా మొదలుపెట్టే ముందే డాక్టర్‌ని అడగండి.