టిక్ పెట్టకపోవడమే మేలైంది: మూడేళ్ల ఆఫ్‌సైట్ సింక్ అనుభవం

వర్చువల్ మెషిన్ల (వీఎంల) బ్యాకప్‌లు దాచిపెట్టే ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ వాడటం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. ఇన్‌స్టలేషన్, డీడూప్లికేషన్ (ఒకే డేటాను రెండుసార్లు దాచకపోవడం) లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చెప్పేది సింక్ జాబ్ గురించి, అంటే ఒక బ్యాకప్ సర్వర్‌లోని కాపీలను ఇంకో దానికి చేరవేసే పని గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే అందులో ‘రిమూవ్ వానిష్డ్’ అనే ఒక చిన్న టిక్ గడి గురించి.

మా ఇంట్లో మెయిన్ సర్వర్, దాని పక్కనే బ్యాకప్ సర్వర్ ఉన్నాయి. రెండో బ్యాకప్ సర్వర్ వేరే ఊళ్లో, అన్నయ్య ఇంట్లో, ఒక పాత డెస్క్‌టాప్ మీద నడుస్తోంది. మధ్యలో వైర్‌గార్డ్ అనే వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీద రెండింటినీ కలిపే రహస్య దారి. రోజూ రాత్రి అక్కడి మెషినే ఇక్కడికి కనెక్ట్ అయి కొత్త స్నాప్‌షాట్లు (ఒక్కో సమయానికి తీసిన బ్యాకప్ కాపీలు) లాక్కుంటుంది. దాని దగ్గర ఉన్నది చదవడానికి మాత్రమే పనికొచ్చే టోకెన్, పాస్‌వర్డ్ లాంటిదే. ఇక్కడి సర్వర్‌కి అక్కడి పాస్‌వర్డ్ ఏదీ తెలియదు కాబట్టి, ఎవడైనా ఇక్కడ చొరబడి అంతా తుడిచేసినా అక్కడ లాగిన్ అయ్యే తాళంచెవి వాడికి దొరకదు. 3.3 వెర్షన్ నుంచి పుష్ (ఇక్కడి సర్వరే అక్కడికి పంపడం) కూడా వచ్చింది గానీ, ఈ ఒక్క కారణంతో నేను పుల్‌లోనే (అక్కడి మెషినే లాక్కోవడం) ఉండిపోయాను.

ఇక అసలు కథ. ఒకరోజు డిస్క్ నిండుతోందని ఇక్కడి ప్రూన్ జాబ్ (ఎన్ని కాపీలు ఉంచాలో చూసి పాతవి తీసేసే పని) సవరించాను. వారపు కాపీల సంఖ్య తగ్గించే హడావిడిలో నెలవారీ కాపీల గడి కూడా ఖాళీ చేసి సేవ్ కొట్టేశాను. ఎర్రర్ ఏమీ రాలేదు. ఎందుకొస్తుంది, నేను చెప్పిందే అది చేసింది. ఆ రాత్రికి పాత స్నాప్‌షాట్లన్నీ పోయాయి. వాటి చంక్‌లను (డేటా ముక్కలను) తర్వాతి గార్బేజ్ కలెక్షన్, అంటే ఏ కాపీకీ అక్కర్లేని ముక్కలను తీసేసే పని, ఊడ్చేసింది.

మూడు వారాల తర్వాత తెలిసింది, అంతకు కొన్ని నెలల ముందు నేనే నడిపిన ఒక స్క్రిప్ట్ డేటాబేస్‌లోని ఒక టేబుల్‌ని సగం ఖాళీ చేసేసిందని. పాత కాపీ తీద్దామని చూస్తే ఇక్కడ నెల కిందటి స్నాప్‌షాట్ కూడా లేదు. కాళ్లూ చేతులూ ఆడలేదు. అన్నయ్య ఇంటి సర్వర్‌లో లాగిన్ అయ్యాను గానీ పెద్దగా ఆశ లేదు, సింక్ అంటే ఇక్కడ పోయింది అక్కడా పోతుందనే అప్పటిదాకా నా లెక్క. చూస్తే అన్నీ ఉన్నాయి! మొదటి నెల నుంచి వరసగా. రిమూవ్ వానిష్డ్ టిక్ చేస్తేనే మూలంలో పోయినవి అక్కడా పోతాయి. మామూలుగా అది టిక్ లేకుండానే ఉంటుంది. ఇందులో నా తెలివేమీ లేదు. పైగా అంతకు ఆర్నెల్ల ముందు అక్కడి డిస్క్ నిండుతోందని విసుగొచ్చి, ఆ టిక్ పెట్టేయబోయి, ఏదో ఫోన్ వస్తే మర్చిపోయాను.

తిరిగి తెచ్చుకోవడం మాత్రం అనుకున్నంత సులువు కాలేదు. ఇక్కడి సర్వర్‌లో అన్నయ్య సర్వర్‌ని రిమోట్‌గా చేర్చి, ఉల్టా సింక్ పెట్టాను. జాబ్ ఓకే అంటుంది, ఒక్క పాత స్నాప్‌షాట్ కూడా రాదు. లాగ్ మొత్తం చదివితే అర్థమైంది, ఇక్కడున్న చివరి స్నాప్‌షాట్ కంటే పాతవాటిని సింక్ వదిలేస్తుంది. అప్పుడు కొత్త నేమ్‌స్పేస్ (విడి అర లాంటిది) ఒకటి ఖాళీగా సృష్టించి అందులోకి లాగితే వచ్చాయి. డేటాస్టోర్ (బ్యాకప్‌లన్నీ దాచే చోటు) అదే కాబట్టి ఇక్కడ మిగిలి ఉన్న చంక్‌లను మళ్లీ డౌన్‌లోడ్ చేయలేదు, లేనివే తెచ్చుకుంది. రాత్రంతా పడుతుందేమో అనుకున్నది గంటన్నరలో అయిపోయింది. టేబుల్ దొరికింది.

ఆ ఊపులో దీన్ని తెగ పొగుడుతూ స్నేహితులకి చెప్పాను. తర్వాత ఒకటి రెండు విషయాలు తెలిశాక గొంతు కాస్త తగ్గించాల్సి వచ్చింది. టిక్ లేదంటే అక్కడి పాతవాటిని అక్కడే ప్రూన్ చేసుకోవాలి, గార్బేజ్ కలెక్షన్ కూడా విడిగా పెట్టుకోవాలి. నేను రెండూ పెట్టలేదు. కొన్నాళ్లకి అక్కడి డిస్క్ పూర్తిగా నిండి సింక్ ఆగిపోయింది. మెయిల్ అలర్ట్ కూడా పెట్టుకోలేదు కాబట్టి పన్నెండు రోజుల దాకా నాకు తెలియదు. ఆ పన్నెండు రోజుల్లో ఏమీ జరగలేదు, అంతే. ఇప్పుడు అక్కడ నెలవారీ కాపీలు 12 ఉంచమని విడిగా ప్రూన్ జాబ్ పెట్టాను.

రెండోది ఇంకా భయపెట్టింది. నా బ్యాకప్‌లు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి, కీ లేకుండా ఎవరూ చదవలేరు. అన్నయ్య సర్వర్‌కి కీ అవసరం లేదు, ఇవ్వను కూడా. టేబుల్ దొరికిన రోజు కీ ఇక్కడి మెయిన్ సర్వర్‌లో ఉంది కాబట్టి సరిపోయింది. మరి ఇల్లే కాలిపోతే? కీ ఆ ఒక్క మెషిన్‌లోనే ఉంది! ఆఫ్‌సైట్ కాపీ పెట్టుకున్నదే అలాంటి రోజు కోసం. రెండేళ్లపాటు తెరవలేని పెట్టెను జాగ్రత్తగా కాపాడుకున్నానన్నమాట. పైగా కీ లేని సర్వర్‌లో వెరిఫై జాబ్ (కాపీలు పాడయ్యాయేమో చూసే పని) ఎన్‌క్రిప్టెడ్ చంక్‌లకి సీఆర్‌సీ అనే పైపై చెక్‌సమ్ మాత్రమే చూడగలదు, లోపలి డేటా సరిగ్గా ఉందో లేదో చెప్పలేదు. అందుకే మూడు నెలలకోసారి ఒక వీఎంని అక్కడి నుంచి తెచ్చి బూట్ చేసి చూస్తున్నాను.

నావి మొత్తం కలిపి 400 జీబీ లోపే, రోజూ మారేది చాలా తక్కువ. మొదటి కాపీ కోసం ఆ డెస్క్‌టాప్‌ని ఇక్కడే పెట్టి లోకల్ నెట్‌వర్క్‌లో సింక్ చేసి, తర్వాత తీసుకెళ్లాను. టెరాబైట్లలో వీడియోలున్నవాళ్లకి, అప్‌లోడ్ నెమ్మదిగా ఉన్నవాళ్లకి ఇది ఇంత హాయిగా ఉంటుందని చెప్పలేను. ఊరవతల ఒక మెషిన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచే అన్నయ్య కూడా ఉండాలి కదా. నాకైతే మార్చే ఉద్దేశం లేదు.

కీని కాగితం మీద ప్రింట్ తీశాను, క్యూఆర్ కోడ్‌తో సహా వస్తుంది. అన్నయ్య ఇంట్లో పెడితే పెట్టె, తాళంచెవి ఒకేచోట ఉన్నట్టవుతుందని అక్కకి ఇచ్చాను. అక్క దాన్ని ఇంటి కాగితాల ఫైల్లో పెట్టింది, ఏమిటని ఇప్పటిదాకా అడగలేదు.