చెసపీక్ బేలో చిన్న బోటు, ఊరికో మెరీనా: కంపెనీకి మూడు స్టార్లు, బేకి ఐదు

ముందే చెప్పేస్తున్నా, బోటు అద్దెకిచ్చిన చార్టర్ కంపెనీకి నేనిచ్చేది మూడు స్టార్లు, అందులో ఒకటి బోటు అప్పగించేటప్పుడు ఓపిగ్గా అన్నీ చూపించిన పెద్దాయన కోసం. చెసపీక్ బేకి, అంటే అమెరికా తూర్పు తీరాన ఉన్న ఆ పెద్ద అఖాతానికి మాత్రం కళ్ళు మూసుకుని ఐదు. రెండూ కలిపి ఒకే రేటింగ్ ఇస్తే ఎవరికీ పనికిరాదు, అందుకే విడివిడిగా రాస్తున్నా. వాషింగ్టన్, బాల్టిమోర్ చుట్టుపక్కల మనవాళ్ళు బోలెడంత మంది ఉన్నారు, ఎండాకాలం వీకెండ్ వస్తే బే బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఓషన్ సిటీకి పోతారు, ఆ బ్రిడ్జి కింద నీళ్ళలో నాలుగు రోజులు తిరగొచ్చన్న ఆలోచన మాత్రం చాలామందికి రాదు. సొంత బోటు ఉండాలేమో, కోటీశ్వరుల వ్యవహారమేమో అనుకుంటారు. అంత లేదు. రెండు కుటుంబాలు కలిస్తే మంచి రిసార్టులో రెండు గదులకు అయ్యే ఖర్చుకి కాస్త అటూ ఇటూగా తేలుతుంది.

మేం తీసుకున్నది 36 అడుగుల ట్రాలర్, అంటే లోపలే ఉండి తిరిగే నెమ్మదైన మోటారు బోటు, ఒకే డీజిల్ ఇంజన్, రెండు కేబిన్లు, ఒక చిన్న వంటగది. వేగం ఏడు నాట్స్, అంటే గంటకు 13 కిలోమీటర్లు, ఇంకా తొక్కితే డీజిల్ తాగుతుంది తప్ప పెద్దగా ముందుకు పోదు. మా అక్కా బావా, నేనూ మా ఆవిడా, పిల్లలు ముగ్గురు. బావ చాలా ఏళ్ళుగా బోట్లు నడుపుతున్నాడు కాబట్టి కెప్టెన్ లేకుండా ఇచ్చారు, అది కూడా ఆయన అనుభవం అంతా కాగితం మీద రాయించుకుని, డాక్‌లోకి తెచ్చి కట్టడం కళ్ళారా చూశాకే. అలాంటి మనిషి మీ ఇంట్లో లేకపోతే రోజు కూలికి లైసెన్సున్న కెప్టెన్ దొరుకుతాడు, మొదటిసారికి అదే మేలు. మేరీలాండ్‌లో ఇంకో రూల్ ఉంది, 1972 జులై 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు బోటు నడపాలంటే బోటింగ్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. ఆన్‌లైన్లో చేసేయొచ్చు, అది లేకుండా స్టీరింగ్ మాత్రం ముట్టుకోకండి.

ఇక బే సంగతి. ఉత్తరాన ససక్వహానా నది కలిసే చోటు నుంచి దక్షిణాన అట్లాంటిక్ దాకా దాదాపు 200 మైళ్ళ పొడవు, ఇరుకైన చోట నాలుగు మైళ్ళు, వెడల్పైన చోట 30. కానీ లోతు సగటున 21 అడుగులే. ఆరడుగుల మనిషి టోపీ తడవకుండా నడిచెళ్ళగలిగే చోటే ఏడు లక్షల ఎకరాల పైన ఉందంటారు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. లోతు లేదు కాబట్టి గాలి లేస్తే అలలు పొడవుగా, నెమ్మదిగా రావు, పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి వచ్చి దబదబా బాదుతాయి. రెండు మూడు అడుగుల అలే, చెప్పుకోడానికి చిన్నదిగానే ఉంటుంది, గాలికెదురుగా మూడు గంటలు పోతే మాత్రం వంటగదిలో గిన్నెలన్నీ నేల మీదుంటాయి. జులై, ఆగస్టుల్లో అయితే మధ్యాహ్నం దాటాక ఉరుములూ మెరుపులతో వాన దిగడం మామూలే, పడమటి వైపు ఆకాశం నల్లబడ్డాక దూరం లెక్కలేసుకోవడానికి టైమ్ ఉండదు.

అందుకే నా మాట ఒక్కటే, బే మొత్తం చుట్టేద్దామనుకోకండి. పొద్దున్నే బయల్దేరి, మధ్యాహ్నం రెండు లోపు ఏదో ఒక మెరీనాలో, అంటే బోట్లు కట్టుకునే చిన్న రేవులో, తాడు కట్టేయండి. అసలు ట్రిప్పంతా ఆ తర్వాతే మొదలవుతుంది. రోజుకి అరవై మైళ్ళు కొట్టి చీకటి పడే వేళకి చేరేవాళ్ళని అక్కడ చూశాను, వాళ్ళ మొహాల్లో సెలవుల కళే లేదు.

మా రూట్ అనాపొలిస్ నుంచి సెయింట్ మైకేల్స్, అక్కణ్ణుంచి ఆక్స్‌ఫర్డ్, తర్వాత సాలమన్స్, తిరిగి అనాపొలిస్.

అనాపొలిస్‌లో మెరీనా స్లిప్, అంటే గట్టు పక్కన ఒక్క బోటు పట్టే చోటు, తీసుకోకండి, నా సలహా. నగరం వాళ్ళు హార్బర్‌లో మూరింగ్ బాల్స్ వేసి పెట్టారు, అంటే నీళ్ళలో తేలే పెద్ద బంతి, దాని అడుగున లంగరు పాతి ఉంటుంది, ముందు తాడు దానికి తగిలిస్తే సరిపోతుంది. స్లిప్ కంటే బాగా చవక, ఒడ్డుకి వెళ్ళాలంటే వాటర్ టాక్సీని పిలిస్తే వస్తుంది, ఎదురుగా నేవల్ అకాడమీ. ఈగో ఆలీ అని ఊరి మధ్యలోకి చొచ్చుకొచ్చిన సన్నటి నీటి పాయ ఒకటుంది, పెద్ద పెద్ద బోట్లవాళ్ళు పనేమీ లేకపోయినా అందులోకి వచ్చి ఒక రౌండ్ కొట్టి పోతారు, పేరు ఊరికే రాలేదు. పిల్లల్ని స్టేట్ హౌస్‌కి, అంటే మేరీలాండ్ శాసనసభ భవనానికి, తీసుకెళ్ళండి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధాన్ని ముగించిన పారిస్ ఒప్పందానికి 1784లో ఆమోదముద్ర వేసింది ఆ భవనంలోనే.

అక్కణ్ణుంచి బయటికి రాగానే థామస్ పాయింట్ లైట్‌హౌస్ కనిపిస్తుంది. 1875 నాటిది, నీళ్ళ మధ్యలో ఇనుప కాళ్ళ మీద నిలబడ్డ ఆరు పలకల చెక్క ఇల్లు. ఆ స్తంభాల కొసలు మరలాగా ఉంటాయి, వాటిని బురదలోకి తిప్పి దింపారన్నమాట. ఈ రకంవి బేలో ఒకప్పుడు చాలా ఉండేవి, కట్టిన చోటే ఇప్పటికీ నిలిచున్నది ఇదొక్కటే.

సెయింట్ మైకేల్స్ ఊరికి ఐదు, అక్కడ మేం దిగిన మెరీనాకి మూడు. రేటు అడుగుల లెక్కన ఉంటుంది, మనిషి లెక్కన కాదు. మేం అడుగుకు దగ్గరదగ్గర నాలుగు డాలర్లు కట్టాం, అంటే 36 అడుగులకి రాత్రికి 140 పైనే, కరెంటుకి వేరే. అంత తీసుకుని బాత్రూముల్లో నాలుగు షవర్లుంటే పనిచేసేవి రెండు, శనివారం పొద్దున లైన్లో నిలబడాలి. కానీ గట్టు దిగి ఐదు నిమిషాలు నడిస్తే చెసపీక్ బే మారిటైమ్ మ్యూజియం, దానికోసం ఎంతైనా కట్టొచ్చు. 1879లో కట్టిన హూపర్ స్ట్రెయిట్ లైట్‌హౌస్‌ని రెండుగా కోసి తెచ్చి అక్కడ నిలబెట్టారు, లోపలికెక్కి చూడొచ్చు. పక్కనే పాత చెక్క బోట్లు బాగుచేసే షెడ్డు, పలకలు వంచి బిగించడం దగ్గర్నుంచి చూడనిస్తారు, మా పెద్దాడు అక్కణ్ణుంచి కదలనంటే కదలనన్నాడు.

ఆక్స్‌ఫర్డ్‌కి పోవడానికి నాప్స్ నారోస్ అని ఒక అడ్డదారి ఉంది, టిల్‌మన్ ద్వీపాన్ని నేల నుంచి విడదీసే సన్నని కాలవ. మధ్యలో ఎత్తే వంతెన. రేడియోలో 13వ ఛానల్ మీద పిలిస్తే వంతెనాయన గంట మోగించి, కార్లు ఆపి, మన కోసం రోడ్డుని పైకి లేపుతాడు. మన కోసం రోడ్డు లేవడం ఒక వింత అనుభూతి, ఆగిన కార్లవాళ్ళకి చేతులూపాలో తల దించుకోవాలో తెలీదు. అయితే లోపల ప్రవాహం గట్టిగా ఉంటుంది, వంతెన లేచేదాకా ఉన్నచోట నిలబెట్టడం కష్టం, రెండు చివర్లా ఇసుక మేట వేస్తుంటుంది. ఎర్ర, పచ్చ గుర్తుల మధ్యలోంచి గీత గీసినట్టు పోవాలి. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నది ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది, మా కళ్ళ ముందే ఒక స్పీడ్‌బోటు గుర్తుకి అవతలగా మలుపు తిరిగి, మెత్తగా బురదలో కూర్చుండిపోయింది. అడుగంతా మెత్తటి మన్నే కాబట్టి బోటుకేం కాదు, కట్టి లాక్కెళ్ళే టో బోటు వచ్చేదాకా పరువే పోతుంది.

ఇంకో జాగ్రత్త, పీతల బుట్టలు. బే నడిబొడ్డున నీళ్ళ మీద రంగురంగుల తేలుడు బిళ్ళలు కనిపిస్తాయి, ఒక్కో జాలరిది ఒక్కో రంగు, ప్రతి దాని కిందా ఒక తాడు, తాడు కొసన ఇనుప తీగెల బుట్ట. ఆ తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకుందంటే ఇంజన్ ఆగిపోతుంది, ఎవరో ఒకరు కత్తి పట్టుకుని నీళ్ళలోకి దూకాలి, ఎండాకాలంలో ఆ నీళ్ళ నిండా జెల్లీ చేపలు. మేరీలాండ్‌లో జాలరులు ఈ బుట్టలు వేసేది బే మధ్యలోనే. నదుల్లోకొస్తే ట్రాట్‌లైన్ అని ఎరలు కట్టిన పొడవాటి తాడు పరుస్తారు, రెండు చివర్లా బిళ్ళలుంటాయి, ఆ రెంటి మధ్యలోంచి పోకుండా చుట్టూ తిరిగి వెళ్ళడం మర్యాద. ఎండ ఎదురుగా కొట్టే పూట ఈ బిళ్ళలు అసలు కనబడవు, ఒక మనిషి ముందు కూర్చుని చేయి చూపిస్తూ ఉండాల్సిందే. ఆ ఉద్యోగం మా అక్కది, కుడి, ఎడమ అని ఆవిడ అరిచే అరుపులకి బావ తిరిగి నోరెత్తలేదు, ఇంట్లో కూడా ఇంతే.

ఆక్స్‌ఫర్డ్‌లో చేయడానికేమీ లేదు, అదే దాని గొప్ప. 1683లో మొదలైన ఫెర్రీ ఒకటుంది, చెట్ల నీడన ఒకటే వీధి, మెరీనా చిన్నది, శుభ్రమైనది, అడుగుకి రేటు తక్కువ. మెరీనాకి నాలుగున్నర. అర స్టార్ ఎందుకు తగ్గిందంటే వైఫై పేరుకే ఉంది.

సాలమన్స్ మెరీనాకి ఐదుకి ఐదు, ఎందుకో కాస్త వివరంగా చెప్తాను. మేం చేరేసరికి పక్క గాలి గట్టిగా ఉంది, ఒకే ఇంజనున్న బోటుని పక్క గాలిలో సన్నటి స్లిప్‌లోకి పెట్టడమంటే నడిపేవాడికే కాదు చూసేవాళ్ళకీ టెన్షనే. రేడియోలో పిలిచాం. అటు వైపు అమ్మాయి మా బోటు పొడవు, వెడల్పు, కరెంటు ప్లగ్గు ఏ వైపు ఉందో అడిగి, అసలిచ్చిన స్లిప్ మార్చేసి గాలికి ఎదురుగా ఉండేది ఇచ్చింది, మేమడక్కుండానే. డాక్ మీద ఇద్దరు కుర్రాళ్ళు రెడీగా నిలబడ్డారు. వాళ్ళు చేసిన మంచి పనేంటంటే, ముందు తాడు పట్టుకుని లాగలేదు. తెలియనివాళ్ళు అదే చేస్తారు, ముక్కు లోపలికొచ్చి తోక బయటికి తిరిగి పక్క బోటుకి తగులుతుంది. వీళ్ళు మధ్య తాడు అడిగి గుంజకి ఒక చుట్టు వేసి, 'ఇంజన్ మెల్లగా ముందుకి' అన్నారు, అంతే, బోటు తనంతట తనే గట్టుకి ఆనుకుంది. షవర్లు హోటల్ కంటే నయం, బట్టలుతికే మెషిన్లు నాలుగూ పనిచేస్తున్నాయి, సామాన్లు తెచ్చుకోడానికి సైకిళ్ళు ఫ్రీ. కాల్వర్ట్ మెరైన్ మ్యూజియం దగ్గర్లోనే, దారిలో చూసిన కాల్వర్ట్ క్లిఫ్స్ నుంచి రాలిన కోట్ల ఏళ్ళనాటి సొరచేపల పళ్ళు అక్కడ పెట్టారు. ఆ కొండచరియల పక్కనే అణు విద్యుత్ కేంద్రం, దానికి దక్షిణంగా గ్యాస్ షిప్పులు ఆగే ప్లాట్‌ఫాం, రెంటికీ దూరంగా పోవాలి, మ్యాపులో సెక్యూరిటీ జోన్ గీసి ఉంటుంది.

తిండి విషయానికొస్తే ఈ ఊళ్ళన్నీ పీతల ఊళ్ళు. బల్ల మీద కాగితం పరిచి, మసాలా దట్టించి ఆవిరి మీద ఉడికించిన పీతల్ని కుప్ప పోసి, చేతికో చెక్క సుత్తి ఇస్తారు, తినేవాళ్ళకి స్వర్గం. మా ఆవిడ శాకాహారి, ఆమెకి ప్రతిచోటా దొరికింది ఫ్రెంచ్ ఫ్రైసూ సలాడూ. పులిహోర కలుపుకుపోయాం కాబట్టి సరిపోయింది. బోటులో కుక్కర్ పెట్టుకోవచ్చు, కానీ మెరీనాలో 30 ఆంప్స్ కరెంటు మీద ఉన్నప్పుడు ఏసీ, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ ఒకేసారి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. అన్నం వండే ఇరవై నిమిషాలూ ఏసీ ఆపండి.

ఇప్పుడు చార్టర్ కంపెనీకి రెండు స్టార్లు ఎందుకు కోశానో. బోటు ఇంజన్, నేవిగేషన్ స్క్రీన్ బ్రహ్మాండంగా ఉన్నాయి, అది ఒప్పుకోవాలి. కానీ టాయిలెట్ ట్యాంకు సగం నింపి ఇచ్చారు. ఇక్కడ ఆ మురుగుని బేలోకి వదలడం నేరం, మెరీనాలో గొట్టం పెట్టి లాగించుకోవాలి, అంటే మా కంటే ముందెళ్ళినవాళ్ళది మేం మోసుకుపోయి, డబ్బిచ్చి తీయించామన్నమాట. తీయించాక కూడా వెనక కేబిన్లో వాసన పోలేదు, గొట్టాలు పాతబడితే అంతే, ఎన్ని స్ప్రేలు కొట్టినా దండగ. ఫోన్ చేస్తే కిటికీలు తెరవమన్నారు. పిల్లల లైఫ్ జాకెట్లు కావాలని ముందే మెయిల్‌లో రాశాం, వెళ్ళాక చూస్తే అన్నీ పెద్దవాళ్ళ సైజే, కొత్తవి కొనుక్కుని బయల్దేరేసరికి సగం పూట పోయింది.

తిరిగిచ్చేటప్పుడు ముందు భాగంలో ఒక గీత చూపించి డిపాజిట్‌లోంచి కోస్తామన్నారు. మా ఆవిడ తీసుకునే రోజు పొద్దున్నే బోటు చుట్టూ తిరిగి వీడియో తీసి ఉంచింది, ఆ గీత అందులో ఉంది. అయినా డబ్బు మొత్తం తిరిగి రావడానికి మూడు వారాలు పట్టింది, రెండు ఫోన్లు, ఒక గట్టి మెయిల్. మళ్ళీ సెప్టెంబరులోనే వెళ్తాం, అప్పటికి ఎండ తగ్గుతుంది, జెల్లీ చేపలు పల్చబడతాయి, సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే సెలవు దాటితే స్లిప్పులు కూడా సులువుగా దొరుకుతాయి. కంపెనీ మాత్రం వేరేది చూసుకుంటాం, ఈసారి అడ్వాన్స్ కట్టేముందు వెనక కేబిన్లో పది నిమిషాలు తలుపేసుకుని కూర్చుని వాసన చూసే పని బావకి అప్పజెప్పాం.