పబ్బులో ఇటుకలు నకిలీ, బిల్లు మాత్రం అసలుదే

విశాఖ బీచ్ రోడ్డులో పబ్బుకెళ్తే బిల్లు చివరి లైన్లు చదవకుండా డబ్బు కట్టకండి.

మా బావ ఉండేది ఎడింబరోలో. అక్కడ జార్జ్ స్ట్రీట్‌లో యూనియన్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ పాత భవనం ఇప్పుడు ‘ది స్టాండింగ్ ఆర్డర్’ అనే పబ్బు. 19వ శతాబ్దపు బ్యాంకు హాలుతో పాటు స్ట్రాంగ్‌రూమ్ తలుపు కూడా అలాగే ఉంచారు. ‘ఇక్కడ కూడా అలాంటిది చూపించరా’ అని రైలు దిగిన దగ్గర్నుంచీ ఒకటే పోరు. ‘బ్రిటిష్ కాలపు వాతావరణం’ అని బోర్డు కనిపించేసరికి లోపలికి లాక్కెళ్లాడు.

లోపల ఎర్ర ఇటుకల గోడ. మా టేబుల్ పక్కన ఒక మూల కాగితం ఊడి వేలాడుతోంది, దాని వెనక ప్లైవుడ్! బావ మొహం చూడాలి అప్పుడు.

మూడు బీర్లు 1,350, అపోలో ఫిష్ 520, పీనట్ మసాలా 220. చేప వేడిగా, కరకరలాడుతూ వచ్చింది, దానికి వంక పెట్టను. బిల్లులో మాత్రం పన్నులు కాకుండా 209 రూపాయల సర్వీస్ ఛార్జి. అడిగితే మేనేజరు ‘రూల్ సార్’ అన్నాడు. ఏం రూలు? మనల్ని అడక్కుండా దాన్ని బిల్లులో కలపకూడదని వినియోగదారుల రక్షణ అథారిటీ 2022లోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఫోన్ తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తానన్నాను. అంతే, కొత్త బిల్లు వచ్చింది. అక్క మాత్రం ‘రెండొందల కోసం ఇంత రచ్చా’ అని ఆటోలో నాతో మాట్లాడలేదు. రెండొందలైనా నా డబ్బే కదా!

పాత కట్టడాలు చూడాలంటే వన్‌టౌన్‌కి వెళ్లండి. బొబ్బిలి రాజావారు కట్టించిన టౌన్‌హాల్ ముందు బావ రాతిగోడ తడిమి చూసి, ‘ఇది అసలుదేరా’ అన్నాడు. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియం కూడా పాత డచ్చి బంగళాలోనే ఉంది. 1942లో జపాన్ విమానాలు ఊరి మీద వేసిన బాంబు అక్కడే చూడొచ్చు. మా అక్కకి నచ్చింది మాత్రం ఆర్కే బీచ్‌లో 40 రూపాయల ముంత మసాలా. నిమ్మకాయ మళ్లీ పిండించుకుంది. అప్పటికి గానీ నాతో మాట కలపలేదు.

ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర రూము 1,800. శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి.