ప్రాసెసర్ 100 శాతమా, 99 శాతమా?

గేమ్ ఆగి ఆగి నడుస్తుంటే విండోస్ పవర్ ప్లాన్‌లో ‘మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్’ ఎంతుందో చూడండి. 100 ఉంటే టర్బో, అంటే అవసరమైనప్పుడు ప్రాసెసర్ తన మామూలు (బేస్) వేగాన్ని దాటి పరుగెత్తే ఏర్పాటు, పనిచేస్తుంది. 99కి దించితే చాలా ల్యాప్‌టాప్‌లలో ఆగిపోతుంది. తేడా ఒక్క అంకే, కానీ 4 గిగాహెర్ట్జ్ దాటే చిప్ బేస్ స్పీడ్‌కి, అంటే ఏ రెండున్నరకో దిగిపోతుంది.

డెస్క్‌టాప్ అయితే ఆలోచించక్కర్లేదు, 100 ఉంచండి. ల్యాప్‌టాప్ సంగతి వేరు. నా దాంట్లో 100 పెడితే మొదటి పది నిమిషాలు ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) దూసుకెళ్లేవి. తర్వాత కీబోర్డు పైవరస మీద వేలు ఆనించలేనంత కాలేది, ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకునేది, 70 ఫ్రేములు 30కి పడేవి. 99లో 55 దగ్గర నిలకడగా ఉంటున్నాయి. నాకు ఆ నిలకడే కావాలి.

స్ట్రాటజీ గేములకు మాత్రం 99 వద్దు, వాటి భారం ఎక్కువగా ప్రాసెసర్ మీదే. వాటికి ఫ్యాన్‌లో దుమ్ము దులిపి 100తోనే ఆడండి.