గోకర్ణలో ‘సముద్రం ఒడ్డున గది’కి డబ్బు కట్టే ముందు

హైదరాబాదు నుంచి గోకర్ణ వెళ్లి కొండల మధ్యనున్న బీచ్‌లలో దిగాలనుకునేవారు, ముఖ్యంగా పెద్దవాళ్లను వెంట తీసుకువెళ్లేవారు, మాకు జరిగినది తెలుసుకున్నాకే గది బుక్ చేసుకోవలసిందిగా మనవి. 2025 దసరా సెలవుల్లో మహాబలేశ్వరుడి దర్శనం చేసుకుని మూడు రోజులు సముద్రం దగ్గర ఉందామని అమ్మతో కలిసి నలుగురం బయలుదేరాము. ఓం బీచ్‌కు 200 మీటర్ల దూరమేనని యాప్‌లో రాసి ఉన్న ఒక చిన్న హోటలుకు రోజుకు 3,200 రూపాయల చొప్పున మొత్తం ముందే చెల్లించాము.

ఆ దూరం పటం మీద గీత గీసి కొలిచినదని అక్కడికి వెళ్లాక అర్థమైంది. ఓం బీచ్ పైదాకా ఆటో వస్తుంది గాని, అక్కడి నుంచి హాఫ్ మూన్, పారడైజ్ బీచ్‌ల వైపు రోడ్డు లేదు. మా హోటలు ఉన్నది ఆ వైపే. కొండ అంచున కాలిబాట, లేదంటే పడవ. వానాకాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది గనుక పడవలు నడపరు. ఈ సంగతి ఫోనులో మూడుసార్లు మాట్లాడినా హోటలువారు చెప్పలేదు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ, వర్షానికి పాచి పట్టి జారుతున్న ఎర్రరాతి బాట మీద ముప్పావుగంట నడిచింది. ఆ నడక తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

గదిలో చెమ్మ వాసన, తడి ఆరని దుప్పట్లు. ఫోనుకు సిగ్నల్ లేదు కాబట్టి చేతిలో నగదు లేనివారికి భోజనం కూడా కష్టమే. (దర్శనం మాత్రం ప్రశాంతంగా జరిగింది, ఊరి మీద నాకు ఫిర్యాదు లేదు.)

అసలు దెబ్బ చివరి రోజు తగిలింది. ముందు కట్టినదానిలో పన్ను కలవలేదంటూ అద్దె మీద 18 శాతం జీఎస్టీ, భోజనాల మీద 10 శాతం సర్వీస్ చార్జి వేశారు. రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే. సర్వీస్ చార్జిని మన ఇష్టంతో పని లేకుండా బిల్లులో చేర్చకూడదని 2022 జులైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పటికి ఇవేవీ మాకు తెలియవు, అడిగినంతా కట్టి వచ్చాము.

అందుచేత ‘ఆటో మీ గుమ్మం దాకా వస్తుందా, రాకపోతే ఎంతసేపు నడవాలి, పన్నుతో కలిపి మొత్తం ఎంత’ అని అడిగి, జవాబును వాట్సాప్‌లో రాయించుకోండి. మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం గోకర్ణ దాకా తిరగనక్కరలేదు, మనం ఉండే హైదరాబాదులోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము కూడా లేదు. 1915కు చెప్పాక మాకు అదనపు పన్ను, సర్వీస్ చార్జి తిరిగి వచ్చాయి. అద్దె సంగతి ఇంకా తేలలేదు.