వరద వేళ ఎవరి మాట నమ్మాలి: ఫోనా, రేడియోనా, పత్రికా?

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. తెల్లవారేసరికి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరిదో గొంతు రికార్డు ఒకటి తిరుగుతోంది: 'డ్యాం తెగింది, కర్నూలు మునిగిపోతుంది.' 2009 అక్టోబరులో ఇంట్లోకి నీళ్లు వచ్చిన అనుభవం మా పెద్దమ్మది. అది వినగానే బియ్యం మూట, పొలం కాగితాలు మిద్దె మీదికి చేర్పించింది. తెగింది డ్యాం కాదు, 33 గేట్లలో ఒకదాని గొలుసు. ఆ తేడా చెప్పేవారు లేక ఆమె రోజంతా వణికిపోయింది.

ఆ ఫోను వార్తకు ఊరు లేదు, తేదీ లేదు, మాట్లాడిన మనిషి పేరు లేదు. అయినా నమ్మాం, మేనమామ పంపాడు కాబట్టి. పంపింది మేనమామే, చెప్పింది మాత్రం ఆయన కాదు. అందరికన్నా ముందు వస్తుందన్న ఒక్క మేలు కోసం దాన్ని నెత్తిన పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

ఆకాశవాణి ప్రభుత్వ సొమ్ముతో నడుస్తుంది. స్వయంప్రతిపత్తి ఉన్న ప్రసార భారతి సంస్థ కిందికి వచ్చాక కూడా సర్కారును నిలదీసే గొంతు అక్కడ అరుదే. కానీ ఎన్ని క్యూసెక్కులు వదిలారు, కర్నూలుకు ఎగువన సుంకేసుల బ్యారేజీ దగ్గర ఎంత ప్రవాహం ఉంది, ఏ మండలాలను అప్రమత్తం చేశారు అన్నవి అధికారులు ఇచ్చినవి ఇచ్చినట్టే చదువుతుంది. నీళ్లు వస్తున్న పూట నాకు కావలసింది అదే. ఆ పూటకు రేడియోదే పైచేయి.

తప్పెవరిది అన్న ప్రశ్న మర్నాడు మొదలవుతుంది. దానికి పత్రికలే దిక్కు. పక్షపాతం లేని పత్రిక కోసం వెతకడం నేను మానేశాను. ఎవరు ఎటువైపో దాచిన రహస్యమేమీ కాదు. సాక్షిని 2008లో స్థాపించింది వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి. 1974లో రామోజీరావు ప్రారంభించిన ఈనాడు, ఎన్టీఆర్ తెలుగుదేశం పెట్టినప్పుడు ఆయనకు అండగా నిలిచింది. విశాలాంధ్ర సీపీఐది, ప్రజాశక్తి సీపీఎంది. ఇవి తెలిసి చదివితే సగం పని అయినట్టే.

ఆ వారం జిల్లా గ్రంథాలయంలో రెండు ప్రత్యర్థి పత్రికలను పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకదాంట్లో పాత ప్రభుత్వం మరమ్మతులు గాలికొదిలిన ఫలితం, రెండోదాంట్లో కొత్త ప్రభుత్వ నిర్లక్ష్యం. డ్యాం నిర్వహణ తుంగభద్ర బోర్డుదని, అందులో కేంద్రంతో పాటు కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణలకూ చోటుందని శీర్షికల్లో ఎక్కడా లేదు. రెండింటిలోనూ చివరి పేరాల్లో దొరికింది. బద్ధవిరోధులు ఇద్దరూ ఒప్పుకున్నవి మాత్రం గట్టిగా నిలిచాయి: గేటు సంఖ్య, గొలుసు తెగిన రాత్రి, వారం తిరక్కుండానే గేటు స్థానంలో నీళ్లు ఆపడానికి అమర్చిన తాత్కాలిక ఇనుప అడ్డు (స్టాప్‌లాగ్). వాటిని నేను కళ్లు మూసుకుని నమ్ముతాను.

విడిపోయిన చోట క్రియాపదం చూస్తాను. 'ఫలానా ఇంజనీరు చెప్పారు' అంటే రేపు ఆ ఇంజనీరును అడగవచ్చు. 'తెలుస్తోంది', 'గుసగుసలు వినిపిస్తున్నాయి' అంటే ఎవరిని అడగాలి? ఒక పత్రిక అసలు వేయని వార్త ఇంకా పెద్ద ఆనవాలు, కానీ రెండోది చదవకపోతే అది కనిపించదు. పైగా పత్రిక మీద సంపాదకుడి పేరు, చిరునామా ఉంటాయి. తప్పు రాస్తే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు, కోర్టుకూ వెళ్లవచ్చు. ఆ గొంతు రికార్డు మీద ఎవరికి చెప్పుకుంటాం? అందుకే ఊరూపేరూ లేని మాటకన్నా పక్షపాతమున్న పత్రికే నాకు మేలు.

రెండు పత్రికలు కొనలేని ఇల్లు ఒక్కటే వేయించుకోవాలంటే, తమ పార్టీది కాని పత్రికను వేయించుకోమంటాను. తమ పార్టీ మాట ఎలాగూ బంధువుల నోట వినిపిస్తుంది.